అరణ్యపర్వమున క్లబ్బు ప్రవేశము

మా పట్టణపు కొండవాలునందున్న వనోద్యానమునకు ప్రకృతి చేసిన మేలు చాలదని, తామును కొంత మేలు చేయవలెనని మా ఊరి క్లబ్బువారికి సంకల్పము కలిగెను. ఒక ఎకరము స్థలమును తొంబదితొమ్మిదేండ్ల లీజుకు తమకిప్పించినచో, అందు సొంత వ్యయముతో రెండంతస్తుల భవనము నిర్మించి, దానికి ‘ప్రకృతి విజ్ఞాన కేంద్రము’ అని నామకరణము చేసి, మిగిలిన వనమును కంటికి రెప్పవలె కాపాడుదుమని వారు మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకొనిరి. అంతవరకు ఆ వనమును కాపాడుచున్నవాడు మధ్యాహ్నము నిద్రపోవు వాచ్‌మనొక్కడే గనుక ఈ వాగ్దానము కొందరికి నచ్చినది కూడ. పురజనుల అభిప్రాయము తెలిసికొనుటకై కమిషనరుగారు సభ చేసిరి.

సభ ప్రారంభమగుటకు ముందు, గోడకు వ్రేలాడగట్టిన ప్లానును నేను కళ్లజోడు సవరించుకొని పరిశీలించితిని. ప్రకృతి విజ్ఞానమునకు క్రింది అంతస్తున, మెట్ల క్రింద, చీపురులు పెట్టుకొనుటకు తగినంత గది యొకటి కేటాయింపబడినది. దాని ప్రక్కన ‘ధ్యానమందిరము’ విశాలముగా నున్నది. అందు పది గుండ్రని బల్లలును, ఒక్కొక్క దాని చుట్టును ఆరేసి కుర్చీలును గీయబడియున్నవి. ఆరుగురు చొప్పున బల్ల చుట్టును చేరి ధ్యానము చేయుట ఏ ఋషుల సంప్రదాయమో నాకు తెలియదు. మేడమీద ‘పక్షిపరిశీలన వేదిక’ కలదు. అచ్చట పొడుగాటి కౌంటరును, దాని వెనుక గోడనిండ అద్దాల అరలును చూపబడినవి. వంటశాల పొగగొట్టము నిలుచు చోట చిన్న ఆకుపచ్చని చుక్కపై ఎఱ్ఱసిరాతో ఇంటూ గుర్తు పెట్టిరి. ఆ చుక్కయే తూర్పు గేటు దగ్గరి చింతచెట్టు. దాని తొఱ్ఱలో చిలుకలు కాపురముండును; దాని నీడను ఆటోవాండ్రు కునుకు తీయుదురు; చింతకాయల కాలమున బడిపిల్లలు దానిపై రాళ్లు రువ్వుదురు. ప్రక్కనున్న రంగుల చిత్రమున చిలుకలును లేవు, ఆటోవాండ్రును లేరు. బొచ్చుకుక్కను గొలుసుతో నడిపించుచున్న దొరసాని యొకతె మాత్రము మా ఊరి మే నెల ఎండలో కోటు తొడిగికొని చిరునవ్వు నవ్వుచుండెను.

సెక్రటరీగారు లేచి, క్లబ్బనగానే పేకాటయని జనులు పెదవి విరచుట అజ్ఞానమనియు, రమ్మీ ప్రధానముగా నైపుణ్యముపై నాధారపడిన ఆటయని 1967లో సుప్రీంకోర్టువారే, అదియు సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యమొకదానియందే, సెలవిచ్చిరనియు, కావున తమ భవనమున జరుగబోవునది కాలక్షేపము గాక విద్యావ్యాసంగమేయనియు గంభీరముగా నుపన్యసించిరి. అంతట రిటైరైన హెడ్మాస్టరుగారు లేచి, బెంగుళూరులో పార్కునకై విడిచిన స్థలమును ఒక ప్రైవేటు నర్సింగ్ హోమునకు ధారపోయగా, ఆ పేటవారు వ్యాజ్యము వేసిరనియు, 1991లో అదే సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పెననియు, రోగులకే దక్కని స్థలము రమ్మీకి దక్కునాయనియు ప్రశ్నించిరి. సెక్రటరీగారు తొణకక, “అయ్యా, నర్సింగ్ హోములో వచ్చిన రోగము కుదుర్తురు, మేము రోగమే రాకుండ చేయుదుము” అని బదులు చెప్పిరి. దీనికి సగము సభ చప్పట్లు కొట్టెను. నేనును కొట్టియుందును గాని చేతిలో వేరుసెనగకాయల పొట్లముండెను.

పిమ్మట కంట్రాక్టరుగారొకరు, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో శాసనసభ లేదా, జూబిలీ హాలు లేదా, మ్యూజియము లేదా, 1870 నాటి బెంగుళూరు కబ్బన్ పార్కులో 1917 నాటి సెంచరీ క్లబ్బు లేదా, వాటివలన ఏ పక్షి చచ్చినదని గద్దించిరి. ఇట్లే ఒకదాని వెంట నొకటి వచ్చుచుండుట చూచియే కర్ణాటకమువారు 1975లో పార్కుల సంరక్షణకు ప్రత్యేకముగా చట్టము చేసికొనవలసి వచ్చినదని హెడ్మాస్టరుగారు తగులుకొనిరి. ఈ దృష్టాంతములన్నియు విన్న పిదప, పార్కులో కట్టిన ప్రతి భవనమును తన పనికొరకు గాక, తరువాత రాబోవు భవనమునకు సాక్ష్యము చెప్పుటకే నిలిచియుండునని నాకు తోచినది.

ఇంతలో గేటు దగ్గర మజ్జిగ యమ్ము ముసలమ్మ వెనుక వరుసనుండి లేచి, “బాబూ, ఆ మేడలోకి నన్ను రానిస్తారా?” అని యడిగెను. “తప్పకుండ రావచ్చునమ్మా! మెంబరెవరైనను నిన్ను గెస్టుగా రిజిస్టరులో వ్రాసినచో చాలును” అని సెక్రటరీగారు మిక్కిలి ఆదరముతో సెలవిచ్చిరి. “ఇప్పుడైతే ఎవరూ రాయకుండానే వస్తున్నాను గదా బాబూ” అని ఆమె కూర్చుండెను. మూడు గంటల చర్చలో ప్లానునకు సంబంధించిన మాట ఇదియొక్కటే యని నా యభిప్రాయము. కాని ఆమె చట్టపు సెక్షను నెంబరు చెప్పనందున ఈ మాట రికార్డు కెక్కలేదు.

తుదకు కమిషనరుగారు ఉభయపక్షములను మెచ్చుకొని, విషయమును కూలంకషముగా విచారించుటకు ఉపసంఘమును నియమించిరి. అందు నన్నును వేసిరి. వారము తిరుగకమునుపే నోటీసు వచ్చినది: ఉపసంఘము క్లబ్బు ఆవరణయందే సమావేశమగుననియు, సభ్యులు ప్యాంటు, కాలరు చొక్కా, బూట్లు ధరించి రావలెననియు, పంచెకట్టుతో ప్రవేశము లేదనియు. నేను పంచె తప్ప కట్టనివాడను. 2014లో చెన్నపట్టణమున ఒక న్యాయమూర్తిని పంచె కట్టినందుకే క్లబ్బువాకిట నిలిపివేయగా, ఆ యేడే తమిళనాడు శాసనసభ అట్టి నిర్బంధములు చెల్లవని చట్టము చేసినదిగాని, ఆ చట్టము నా పంచెను కాపాడుటకు రాష్ట్రపు సరిహద్దు దాటి రాదు. కావున, సమావేశమును వనమునందే, చింతచెట్టు క్రింద జరిపినచో నాకును నా పంచెకును సౌకర్యముగా నుండునని సవినయముగా లేఖ వ్రాసితిని.

సెక్రటరీగారు మూడవనాడే జవాబు వ్రాసిరి. నా సూచన సముచితమే గాని, వనమున పెద్దమనుష్యులు కూర్చుండుటకు తగిన భవనము లేదనియు, ఆ కొరతను ఉపసంఘసభ్యుడే స్వయముగా గుర్తించినందులకు క్లబ్బుపక్షమున కృతజ్ఞులమనియు, నా లేఖను అర్జీకి అనుబంధముగా జతపరచి మునిసిపాలిటీకి పంపితిమనియు.