వారాంతపు గుర్రం: ఒక మస్టాంగ్ ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది 2019 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా ‘ఈ కారు’ అనే అంటుంది. పుట్టింది మిషిగన్ రాష్ట్రం ఫ్లాట్ రాక్ కర్మాగారంలో. వంశం పాతదే: మొదటి మస్టాంగ్‌ను 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనానికి చూపించారు. బానెట్ కింద 5 లీటర్ల వీ8 ఇంజను, 460 హార్స్‌పవర్. గ్రిల్ మీద పరుగెత్తే గుర్రం. ఆ గుర్రం మాత్రం డాలస్ శివారు ఫ్రిస్కోలో ఒక తెలుగువారి గరాజ్‌లో, పిల్లల్ని బడికి దింపే వ్యాను పక్కన, వారానికి ఐదు రోజులు ముసుగుతన్ని పడుకుంటుంది. బ్యాటరీ దిగిపోకుండా గోడ ప్లగ్గుకు సన్నటి చార్జరు వైరు.

కొనాలా, లీజుకు తీసుకోవాలా అన్న లెక్క ఆ ఇంటి డైనింగ్ టేబుల్ మీద తేలింది. ధర 48,000 డాలర్లు. మూడేళ్ల తర్వాత 58 శాతం, అంటే 27,840 విలువ మిగులుతుందని లీజు కంపెనీ ముందే రాసిపెట్టింది. తరిగే 20,160 డాలర్లను 36 నెలలకు పంచితే నెలకు 560. వడ్డీని లీజు కాగితాల్లో వడ్డీ అనరు, మనీ ఫ్యాక్టర్ అంటారు. అక్కడ 0.0025 అని చూసి ఎంత తక్కువో అనుకోకూడదు; 2400తో గుణిస్తే 6 శాతం. ధరకు మిగులు విలువ కలిపి ఆ ఫ్యాక్టర్‌తో గుణిస్తే నెలకు మరో 189.60. వెరసి కిస్తీ 749.60.

“శని, ఆదివారాలు తీసే బండికి సోమ, మంగళవారాల అద్దె కూడా మనమే కట్టాలాండీ?” అని ఇంటావిడ అడిగింది. అసలు చిక్కు అక్కడే ఉంది. లీజులో డబ్బు క్యాలెండరును బట్టి కదులుతుంది, మైళ్ల మీటరును బట్టి కాదు. ఏడాదికి 10,000 మైళ్లు దాటితే మైలుకు ఇన్ని సెంట్లని అదనంగా వసూలు చేస్తారు. తక్కువ తిరిగితే పైసా వెనక్కి రాదు. ఈ కారు మూడేళ్లలో తిరిగింది 9,000 మైళ్లే. పన్ను, పెట్రోలు, ఇన్సూరెన్సు కాకుండానే మైలుకు దాదాపు 3 డాలర్లు పడింది. తక్కువ తిరిగినందుకు పెరిగే రీసేల్ విలువ కూడా, బండి తిరిగి అప్పగిస్తే, లీజు కంపెనీకే దక్కుతుంది.

టెక్సస్‌లో ఇంకో మెలిక. కారు మొత్తం ధర మీద 6.25 శాతం పన్ను లీజు కంపెనీ కట్టి, మామూలుగా లీజుదారు నెత్తినే వేస్తుంది. ఇక్కడ అది 3,000 డాలర్లు. గడువు తీరాక అదే కారును కొనుక్కుంటే ఆ ధర మీద మళ్లీ పన్ను. మొదటే కొన్నవాడికి ఒక్కసారితో సరి. పైగా సైలెన్సర్లు మార్చుకున్నా, రిమ్ములు మార్చుకున్నా అడిగేవాళ్లుండరు. లీజు కారునైతే అప్పగించే రోజున గీతలు, టైర్ల అరుగుదల చూసి లెక్క కడతారు. మూడేళ్లకోసారి కొత్త మోడల్ కావాలనుకునేవారికి, పాతది అమ్మే తిప్పలు పడలేనివారికి లీజు సుఖమే. ఒకే బండిని పదేళ్లు ముద్దు చేసుకునేవారికి కాదు.

అన్నీ విని ఇంటాయన లీజుకే సంతకం చేశాడు. 2022లో గడువు తీరేసరికి చిప్‌ల కొరతతో పాత కార్ల ధరలు మండిపోతున్నాయి. 27,840కి దొరికే ఈ కారుకు బజారులో అంతకంటే బాగా ఎక్కువ పలికింది. 1,740 డాలర్ల పన్ను రెండోసారి కట్టి కొనేశాడు. తన తెలివేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు గానీ, 2019లో సంతకం చేసేటప్పుడు ఆ కొరత సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

టైటిల్ కాగితం తన పేరున వచ్చిన వారానికే సైలెన్సర్లు మార్పించాడు. పాతవి గరాజ్ మూలన ఉన్నాయి. ఇంటావిడ వాటి మీద ఉల్లిపాయల బస్తా పెట్టింది.