ఇంజన్లు వాటంతట అవి నడిచి వెళ్ళవు

సైనిక విమానాల సామాను ఏదైనా పోయినప్పుడు ప్రభుత్వం ముందుగా ఒక వాక్యం వెతుక్కుంటుంది. దొంగను తర్వాత వెతకొచ్చు. "ఇది మామూలు దొంగతనమే, దేశ భద్రతకు ముప్పేమీ లేదు" అన్న ఆ వాక్యం చేతికి దొరికిందంటే మిగతా దర్యాప్తు తీరిగ్గా సాగుతుంది. మలేసియానే చూడండి. కౌలాలంపూర్‌లోని సుంగై బెసి వైమానిక స్థావరంలో ఎఫ్-5ఈ యుద్ధవిమానాల ఇంజన్లు రెండు 2007-08 ప్రాంతంలో మాయమయ్యాయి. జనానికి తెలిసింది 2009 డిసెంబరులో. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న మన సామెత వింటే అక్కడివాళ్ళకు పొగడ్తలా అనిపించాలి. 2007లో రక్షణ మంత్రిగా ఉన్న నజీబ్ రజాక్ ఈ వార్త బయటపడేనాటికి ప్రధానమంత్రి అయిపోయారు. ఇంజన్లు పోయినా పైకి ఎగరడం ఆగలేదన్నమాట. దేన్నీ కప్పిపుచ్చబోమని హామీ ఇచ్చింది కూడా ఆయనే. చివరికి 2010లో ఆ ఇంజన్లు దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో తేలాయి.

ఇందులో గూఢచర్యం వాసన పట్టినవాళ్ళకు చెప్పడానికి అధికారుల దగ్గర ఎప్పుడూ ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: అవి పాతకాలపు ఇంజన్లు, వాటిలో రహస్యాలేముంటాయి? నిజమే, ఏమీ ఉండవు. ఆ జే85 ఇంజను పుట్టింది 1950లలో. ఎఫ్-5లను అమెరికా తన మిత్రులందరికీ పెళ్ళి శుభలేఖల్లా పంచిపెట్టింది. ఆ ఇంజను గుట్టు తెలుసుకోవడానికి బయలుదేరిన గూఢచారి ఎవరైనా ఉంటే అతని జీతం దండగ. అయితే ఈ వాదన గూఢచర్యమంటే రహస్యం దొంగిలించడమేనని అనుకుంటోంది. ఇరాన్‌కు ఏ రహస్యం కావాలి? షా కాలంలో అది అమెరికా నుంచి ఎఫ్-5లు కొంది, 79 ఎఫ్-14లు తెచ్చుకుంది. 1979 విప్లవంతో విడిభాగాలు వచ్చే రాజమార్గం మూతపడింది. ఆ విమానాలెలా పనిచేస్తాయో ఇరాన్ మెకానిక్కులకు తెలియక కాదు, లేనిదల్లా సరుకే. 2016లో ఇరాన్ 'ఓజ్' పేరుతో సొంత జెట్ ఇంజనును ప్రదర్శిస్తే, అది జే85కు కవల పిల్లలా ఉందని చూసినవాళ్ళందరూ అన్నారు. మలేసియా ఇంజన్లు ఇరాన్‌కు వెళ్ళాయని నేననడం లేదు, అవి దొరికింది ఉరుగ్వేలోనే. నేననేది ఒక్కటే: విడిభాగం విలువను దాని వయసు నిర్ణయించదు, దాన్ని తిన్నని దారిలో కొనలేనివాడు నిర్ణయిస్తాడు. నిషేధం బిగిసేకొద్దీ పాత సామాను బంగారమవుతుంది.

ఈ సూత్రం అమెరికాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే దొంగలను పట్టుకున్నదీ సరుకు అమ్మిందీ కూడా అమెరికాయే. 1985 జూలైలో ఎఫ్-14 విడిభాగాలు ఇరాన్‌కు చేరవేస్తున్న ముఠా ఒకటి శాన్‌డియేగోలో పట్టుబడింది. కిట్టీ హాక్ అనే విమానవాహక నౌకలోంచి కూడా సరుకు వెళ్ళిందని బయటపడి దేశం గుండెలు బాదుకుంది. మరుసటి నెలలోనే, ఇజ్రాయెల్ మధ్యవర్తిత్వంతో, అదే ఇరాన్‌కు టో క్షిపణులు వెళ్ళడం మొదలైంది. ఈసారి రీగన్ ప్రభుత్వం ఆశీస్సులతో. 1986 మే నెలలో మాజీ జాతీయ భద్రతా సలహాదారు రాబర్ట్ మెక్‌ఫార్లేన్ స్వయంగా టెహ్రాన్‌లో దిగారు. విమానంలో హాక్ క్షిపణుల విడిభాగాలు, బహుమతిగా ఒక కేకు. ఓడలో పనిచేసే చిన్న ఉద్యోగి పంపితే దేశద్రోహం, పెద్దమనిషి కేకుతో పాటు పంపితే దౌత్యం. పోనీ అదంతా ఆనాటి మాట అనుకుందామా? 2006లో ఎఫ్-14లకు రిటైర్మెంటు ఇచ్చాక పెంటగాన్ మిగులు విడిభాగాలను అమ్మకానికి పెట్టింది. ఇరాన్ తరఫు కొనుగోలుదారులు ఆ అమ్మకాల మీద కన్నేశారని పత్రికలు రాశాకే 2007లో ఎఫ్-14 సామాను అమ్మడం ఆపింది. తాళం పగలగొట్టే పని లేదు. పాట పాడి గెలిస్తే రసీదు కూడా ఇస్తారు.

"పట్టుబడ్డవాడు గూఢచారి కాదు కదా" అన్నది రెండో సమాధానం. కొచ్చి షిప్‌యార్డులో కడుతున్న విక్రాంత్ నౌకలో 2019 సెప్టెంబరులో కంప్యూటర్ భాగాలు, హార్డ్ డిస్కులతో సహా పోయాయి. శత్రుదేశం పనేమోనని ఎన్ఐఏ రంగంలోకి దిగి, వేల మంది కార్మికుల వేలిముద్రలు తీసుకుని, 2020 జూన్‌లో ఇద్దరు పెయింటర్లను పట్టుకుంది. డబ్బు కోసమే చేశారని తేలగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎందుకో అర్థం కాదు. గూఢచారి అయితే ఎవరికి అమ్ముతాడో కనీసం ఊహించగలం. డబ్బు కోసం చేసినవాడు ఎవడొస్తే వాడికి అమ్ముతాడు, వచ్చినవాడి జాతకం అడగడు. దొంగకు దురుద్దేశం లేదంటే సరుకుకు కూడా లేదనుకోవడం మన అమాయకత్వం. ఇక 2021 నవంబరులో లక్నో ట్రాఫిక్‌లో చిక్కుకున్న లారీలోంచి మిరాజ్ విమానం టైరు పోయింది. లారీ టైరనుకున్నామంటూ కొద్ది రోజులకే ఇద్దరు దాన్ని తెచ్చి వైమానిక దళానికి అప్పగించారు. పోయిన సైనిక సామాను తనంతట తాను తిరిగొచ్చిన ఘనత మనదే.

సిసలైన గూఢచారులైతే ఇంకెంత మాయ చేసేవారో అనుకోకండి. 1967 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని నోయిబుర్గ్ వైమానిక స్థావరంలోంచి కేజీబీ మనుషులు ఒక సైడ్‌వైండర్ క్షిపణిని తోపుడు బండి మీద పెట్టి రన్‌వే వెంట తోసుకెళ్ళారు. మెర్సిడెస్ కారులో పట్టకపోతే వెనక అద్దం పగలగొట్టి, బయటికొచ్చిన భాగానికి తివాచీ చుట్టి, ట్రాఫిక్ నిబంధన ప్రకారం ఎర్రగుడ్డ కట్టారు. తర్వాత దాన్ని విమాన పార్శిల్‌లో మాస్కోకు పంపారు. పార్శిల్ దారితప్పి వెనక్కొస్తే మళ్ళీ పంపారు. ఇందులో ఇన్విజిబుల్ ఇంకు లేదు, మారువేషం లేదు. నిబంధనలు పాటించేవాడిని ఎవరూ ఆపరన్న నమ్మకం ఒక్కటే ఉంది, అది వమ్ము కాలేదు.

ప్రతి మరనూ లెక్కపెడుతూ కూర్చుంటే విమానాలెగరవని ఆఖరి సమాధానం. విమానయానంలో ప్రతి మరకూ ఇప్పటికే ఒక నంబరుంది. ప్రతి ఇంజనుకూ ఎన్ని గంటలు తిరిగిందో, ఎప్పుడు విప్పారో రాసే పుస్తకముంది. రాసేవాళ్ళకు జీతాలూ ఉన్నాయి. చదివే ఉద్యోగమే ఖాళీగా ఉన్నట్టుంది. గూఢచారి అన్న మాట ఎత్తితే ఈ పుస్తకం మూసేయొచ్చు, మామూలు దొంగ అన్నా మూసేయొచ్చు. అందుకే రెండు మాటలూ అంత ముద్దు. మూడు వందల కిలోల పైచిలుకు బరువుండే ఇంజను టిఫిన్ డబ్బాలో బయటికి పోదు. మలేసియా కేసులో కోర్టు మెట్లెక్కినవాళ్ళు ఒక సార్జెంటు, ఒక వ్యాపారి. సార్జెంటు దగ్గర స్టోరు తాళాలుంటాయనుకుందాం; స్థావరం గేటూ, రేవూ, రెండు ఖండాల కస్టమ్స్ ఆఫీసులూ కూడా ఆయన కిందే పనిచేస్తాయని మాత్రం ఏ సైన్యమూ ఇప్పటిదాకా ప్రకటించలేదు.