సర్వసంగపరిత్యాగియైన రొట్టె

గోధుమలోని గ్లూటెన్ సకలరోగములకు మూలమనియు, పిండిపదార్థము సకలపాపములకు మూలమనియు దృఢముగా నమ్మిన హనుమకొండ, సుబేదారి, నక్కలగుట్ట ప్రాంతముల విద్యావంతులు, ఆ రెండింటిని గడప దాటించిన పిదపగూడ రొట్టె మాత్రము రొట్టెగానే యుండవలెనను పట్టుదలతో, బాదంపిండి, కోడిగ్రుడ్లు, ఇసబ్గోలు పొట్టు, వంటసోడా కలిపి ఓవెన్‌లో పెట్టి, అది పొంగునా పొంగదా యని దాని గాజుతలుపు ముందు ధ్యాననిమగ్నులై కూర్చుండుచున్నారు.

పొంగుటకు పాపము దానికి ఆధారమేమున్నది? గోధుమపిండిలో నీరు పోసి మర్దించినప్పుడు గ్లియాడిన్, గ్లూటెనిన్ అను రెండు మాంసకృత్తులు పెనవేసుకొని, సాగుడుగల వలయై, ఈస్టు విడిచిన బొగ్గుపులుసు వాయువును లోపల బంధించుటచేతనే కదా బేకరీ రొట్టె గుల్లగా ఎదుగుచున్నది! ఆ వలను తెంపివేసినవారికి దాని స్థానమున ఇసబ్గోలు జిగురు దొరకినది. అనగా తాతగారు మలబద్ధమునకై రాత్రివేళ గోరువెచ్చని నీళ్ళలో కలుపుకొని ముఖము చిట్లించి మ్రింగిన ద్రవ్యమే మనుమల యింట ఉదయపు ఫలాహారమునకు వెన్నెముక యైనది.

గ్లూటెన్ పడనివారు లేరని నేననను. సీలియక్ వ్యాధి నిజమైనది, క్రూరమైనది. గోధుమయే దానికి కారణమని రెండవ ప్రపంచయుద్ధమునకు ముందే శంకించి, 1944-45 చలికాలపు కరవును గూడ కన్నులార చూచిన డచ్చి శిశువైద్యుడు విల్లెం డికె, ఆ సంగతిని 1950లో సిద్ధాంతగ్రంథముగా వెలువరించెను. మనదేశమున ఆ వ్యాధి ప్రధానముగా గోధుమ తిను ఉత్తరాదివారిది. మనవారు ఏ పరీక్షయు చేయించుకొనకయే ఆ రోగుల పథ్యమును ఆభరణముగా ధరించిరి.

విచిత్రమేమనగా, గ్లూటెన్ లేని రొట్టెకై ఓరుగల్లువారు ఎన్నడును తపస్సు చేసినవారు కారు. జొన్నలో అది మొదటినుండియు లేదు; లేదు గనుకనే పిండి విరిగిపోవునని యెరిగిన ఇల్లాలు, సలసల కాగిన నీళ్ళు పోసి కలిపి, అరచేత తట్టి, పెనముపై వేసి, పైభాగమున తడిచేయి రాచి కాల్చును. వేడినీటికి పిండి కొంత ఉడికి జిగి పట్టునని తెలిసికొనుటకు ఆమె ఏ ప్రయోగశాలకును పోలేదు. సర్వపిండి సంగతి చెప్పనే యక్కరలేదు: బియ్యపుపిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కారము కలిపి, గిన్నె అడుగున అద్ది, వ్రేలితో తూట్లు పొడిచి, నూనె వేసి, సన్నని సెగపై కరకరలాడునట్లు కాల్చిన ఆ పదార్థమునకు 'గ్లూటెన్‌రహితము' అని ఒక చీటీ అంటించి వెల నాలుగింతలు చేసినచో, దానిని నెత్తిన పెట్టుకొందురు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదపగాని కొందరికి జొన్న కంటబడలేదు!

'జొన్నలో పిండిపదార్థము లేదా?' యని వారడుగుదురు. ఉన్నది, 100కి సుమారు 70 పాళ్ళున్నది. మధుమేహము గలవారు రెండు రొట్టెలకు బదులు ఒకటి తినవలెననుటయు సత్యమే. కాని ఒకటి తిని లేచుట వీరి మతమునకు సమ్మతము కాదు. నాలుగు తినవలెను, పాపము మాత్రము అంటరాదు. 100 గ్రాముల బాదములలో సుమారు 50 గ్రాములు కొవ్వే యున్నను, వీరమాచనేని రామకృష్ణగారు కొబ్బరినూనెను పథ్యముగా ప్రచారము చేసిననాటినుండి కొవ్వు పుణ్యద్రవ్యమైనది గనుక ఆ లెక్క ఎవరికిని పట్టదు.

కాకతీయుల ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామమున, పూటకూళ్ళ యింట ఒక రూకకు దొరకు భోజనములో గోధుమపిండివంటయు కలదు. అందలి పాత్రలైన మంచనశర్మగాని, టిట్టిభసెట్టిగాని దానిని చూచి గ్లూటెన్ భయముతో విస్తరి ముందునుండి లేచిపోయినట్లు కవి వ్రాయలేదు.

ఇంతకు, ఓవెన్ నుండి వెడలిన ఆ బాదపురొట్టె ఉత్తది గొంతు దిగదు. కావున పప్పుచారులో నానవేసి తినుచున్నారు. ఆ చారు పోపులో ఘుమఘుమలాడు ఇంగువపొడి, అంగళ్ళలో డబ్బాలకెత్తి అమ్మునది, చాలవరకు మైదాపిండి కలిపినదే. డబ్బా వెనుక చిన్న అక్షరములలో ఆ సంగతి అచ్చువేసియే యుందురు.