పరకాయ ప్రవేశము

శంకర భగవత్పాదులు అమరుక మహారాజు మృతదేహమున ప్రవేశించిన కథ వినని తెలుగువాడు అరుదు. ఆ మహావిద్య కాలక్రమమున యతీశ్వరుల చేతినుండి జారి, గ్రీజు మరకల చొక్కాలు తొడిగిన మోటారు మేస్త్రీల హస్తగతమైనదనియు, మన పట్టణముల శివార్లలోని రేకుల షెడ్లలో గొలుసుకప్పీల సాయమున నేటికిని నిరాటంకముగా సాగుచున్నదనియు గ్రహించినవారు మరింత అరుదు. బండి ఇంజను బోరుకు వచ్చినప్పుడు, బోరు చేయించి పిస్టన్లు, రింగులు మార్పించుట దండుగ యని తోచిన గృహస్థు, వేరొక జాతి వాహనపు ప్రాణమును కారుచౌకగా కొనితెచ్చి తన బండి కాయమున నిలుపుటకు పూనుకొనును. దీనికి పొదుపు అని పేరు.

మా మిత్రుడొకనికి అంబాసిడరు కారు ఉండెడిది. 2005 చివర దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజను పెట్రోలుతో తృప్తి చెందక ఆయిలు కూడ త్రాగ మొదలిడెను. బోరు పనికి 22,000 అగునని తెలియగా, అంత సొమ్ము పోసి తిరిగి పెట్రోలే త్రాగించుట అవివేకమని నిశ్చయించి, డీజిలు ధరను ప్రభుత్వము తన అదుపున నుంచి చౌకగా అమ్మించుచుండిన ఆ దినములలో ఎందరో చేసినట్లే, అతడును ఒక పాత మెటడారు వ్యాను డీజిలు ఇంజనును 35,000కు బేరమాడెను. మేస్త్రి బానెట్టు ఎత్తి, చూపుడువ్రేలితో గాలిలో కొలతలు తీసి, "అదే కూర్చుంటుంది సార్. కొద్దిగా వెల్డింగు, అంతే" అనెను.

వామనుడు బలిచక్రవర్తిని యాచించినదియు కొద్దిగానే. అయినను అక్కడ వారించుటకు శుక్రాచార్యుడుండెను. ఇక్కడ ఆ స్థానమున నేనుంటిని గాని, కన్ను పోగొట్టుకొనునంతటి ప్రయత్నమేదియు చేయనైతిని.

డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. అది గాలిని సుమారు ఇరువదవ వంతునకు అణచి, ఆ వేడిమితోనే ఇంధనమును మండించును. ఎనిమిదవ వంతుతో తృప్తిపడు పెట్రోలు ఇంజను కంటె దాని దేహము బరువెక్కి యుండుటకు ఇదియే హేతువు. ఆ బరువునకు ముందరి టార్షను బార్లు క్రుంగగా, కారు ఎదురైన వారికెల్ల వంగి నమస్కరించు వినయమును అలవరచుకొనెను. చాంబరు స్టీరింగు రాడ్డును ఒరయగా దానిని కొద్దిగా కోసిరి. కోసినచోట ఆయిలు కారగా కొద్దిగా అతికిరి. ప్రొపెల్లరు షాఫ్టు కొలత కుదరక కొద్దిగా నరికి అతుకగా, అది తిరుగుట మాని గంతులిడ జొచ్చెను. సెల్ఫు మోటారును త్రిప్పు సత్తువ పాత బ్యాటరీకి లేదు గనుక పెద్ద బ్యాటరీ, అది పట్టుటకు కొత్త తొట్టి. పెట్రోలు ఇంజను పరుగునకు తగినట్లు కూర్చిన వెనుక హౌసింగు పండ్ల నిష్పత్తి, మందగమనమైన డీజిలుకు పొసగక, వేగము అరువది దాటగానే బండి ఆక్రోశించుచుండెను. అరువది యన్నదియు నా ఊహయే, ఏలయన గేరుబాక్సు మారిననాటి నుండి స్పీడోమీటరు ముల్లు తనకు తోచిన సంఖ్యను చూపుచుండెను. ఇక బండి నిలిచియున్నప్పుడు తలుపుల అద్దములు వాయించు తాళమునకు ఏ భజన మండలియైనను సిగ్గుపడవలసినదే.

"కంపెనీవారే మార్చలేదా?" అని వాదించువారు కలరు. మార్చిరి. మోరిస్ ఆక్స్‌ఫర్డు సంతతియైన ఆ కారులో హిందుస్థాన్ మోటార్సువారు 1990ల తొలినాళ్ళలో జపానుదేశపు ఇసుజు ఇంజనును నిలిపిరి. కాని అది నక్షాలు గీసి, పరీక్షలు జరిపి చేసిన పని. మన మేస్త్రి నక్షా సుద్దముక్కతో నేలపై గీయబడి సాయంకాలమునకు చీపురుపాలగును. ఉత్తరదేశపు జుగాడు బండినైనను నేను గౌరవింతును: పొలమునకు నీరు తోడు ఇంజనును కొయ్యచట్రమునకు బిగించుకొనిన ఆ బండి, తాను కారునని ఎన్నడును చెప్పుకొనదు.

ఆర్.సి. పుస్తకములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను; 2019లో సుప్రీంకోర్టును ఆ మాటనే స్థిరపరచెను. చట్టము సంగతి మా మిత్రుడెరుగకపోలేదు. ఎరిగినవాడగుటచేతనే బ్రేకు ఇన్‌స్పెక్టరు కంటబడని సందుగొందుల దారులన్నియు నేర్చెను. ఆ చుట్టుదారులలో కాలిన డీజిలు పొదుపు లెక్కలోనికి రాలేదు.

లెక్క యనగా జ్ఞప్తికి వచ్చినది. బండి షెడ్డు వెడలునప్పటికి మొత్తము 96,000 అయినది. అనగా బోరు పనికంటె 74,000 అదనము. ఇంధనమున నెలకు 700 మిగులునని మిత్రుడే గుణించెను గనుక, ఆ అదనము రాబట్టుటకు 106 నెలలు పట్టును. 2006 జనవరి మొదలు లెక్కించినచో ఆ 106వ నెల 2014 అక్టోబరు. డీజిలు ధరపై తన అదుపును ప్రభుత్వము ఎత్తివేసినది సరిగా ఆ నెలయందే. ఇట్టి ముహూర్తము పెట్టుట ఏ సిద్ధాంతి తరము?

మా మిత్రుడు అన్నాళ్ళు వేచియుండలేదు. శంకరుల శిష్యులు గురుదేహమును గుహలో కాచుకొని యుండిరి గనుక ఆయన తిరిగి అందు ప్రవేశింపగలిగెను. మూడవ యేట విసిగి వేసారి, షెడ్డులో గోనెపట్టా కప్పి వదలివచ్చిన తన పాత పెట్రోలు ఇంజనును మరల బిగింపించుకొన నెంచి మిత్రుడు పోగా, మేస్త్రి తల గోకికొనుచు, "అదా సార్? పోయినేడే ఒకాయన జీపుకు ఎక్కించాం. కొద్దిగా వెల్డింగు పట్టింది, అంతే" అనెను.