ఇద్దరు పంతం పడితే అదే అసలు ధరట!

పాత స్పోర్ట్స్ కార్లను ఆన్‌లైన్‌లో వేలం వేసే వెబ్‌సైట్లు ఒక గొప్ప చెప్పుకుంటాయి. మధ్యలో దళారీ లేడు, దాపరికం లేదు, లోకమంతా చూస్తుండగా పాట సాగుతుంది, కాబట్టి చివరికి తేలేదే ఆ కారు అసలు ధర. మార్కెట్ పలికిందంటారు, పలికాక ఎదురు ప్రశ్న వేయకూడదు. 2020 జనవరిలో అమెరికాలోని బ్రింగ్ ఎ ట్రెయిలర్ వెబ్‌సైట్‌లో 1971 మోడల్ డాట్సన్ 240జెడ్ ఒకటి 3,10,000 డాలర్లకు పోయినప్పుడు మార్కెట్ అలాగే పలికింది. ఆ మోడల్ అమెరికా షోరూముల్లోకి వచ్చిన కొత్తలో దాని ధర 3,526 డాలర్లు. జాగ్వార్, పోర్షె కొనే స్తోమత లేని జీతగాడికి కూడా ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ కారు అందాలని జపాన్ వాళ్లు తయారుచేసిన బండి అది. ద్రవ్యోల్బణం లెక్క తీసేసినా పది రెట్లకు పైగా పెరిగింది. జీతగాడి కారు కోటీశ్వరుడి గ్యారేజీకి చేరడం ఆ కారు ‘అసలు విలువ’ బయటపడటమేనని మనల్ని నమ్మమంటున్నారు. నమ్మే ముందు కొంచెం లెక్క చూద్దాం.

ఆ అంకెను తేల్చింది ఎవరు? ధర పెంచుకుంటూ పోయే వేలంలో గెలిచినవాడు తాను ఇవ్వగలిగినదంతా ఇవ్వడు. వెనకాల మిగిలిన ఆఖరి పోటీదారు ఎక్కడ చేతులెత్తేశాడో, దానికి ఒక మెట్టు పైన ఇస్తాడు. విలియం విక్రీ 1961లోనే ఈ గణితాన్ని వివరించాడు, తర్వాత అతనికి నోబెల్ కూడా ప్రకటించారు. అంటే కారు ‘అసలు ధర’ను నిర్ణయించింది ఆ కారు కొనని మనిషి. ఆ సాయంత్రం అతని ఇంట్లో ఇంటర్నెట్ పోయినా, భోజనానికి పిలుపొచ్చినా అసలు ధర ఇంకోటయ్యేది. ఇక గెలిచినవాడి సంగతి. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీ ఇంజినీర్లు ముగ్గురు సముద్రంలోని చమురు లీజుల వేలాలను పరిశీలించి ఒక చేదు నిజం చెప్పారు. సరుకు విలువ ఎవరికీ కచ్చితంగా తెలియనప్పుడు, దాన్ని అందరికంటే ఎక్కువగా ఊహించుకుని పొరబడినవాడే గెలిచే అవకాశం ఎక్కువ. దీన్ని ఆర్థికవేత్తలు ‘విజేత శాపం’ అంటారు. వేలం వెబ్‌సైట్లు మాత్రం ‘అభినందనలు’ అంటాయి.

పాట సాగే తీరు కూడా చూడాలి. ఈబేలో గడువు ముగిసిన క్షణాన పాట ఆగిపోయేది. అందుకే చాలామంది చివరి క్షణాల దాకా గుట్టుగా కూర్చుని ఒక్కసారిగా దూకేవారు. కొత్త పాట పడినప్పుడు గడువు పొడిగించే అమెజాన్ వేలాల్లో ఆ దూకుడు బాగా తక్కువని ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. గడువు నియమం మారితే మనుషుల నడత మారిందన్నమాట. బ్రింగ్ ఎ ట్రెయిలర్‌లో ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది. చాటుమాటు పాటలను అరికట్టడానికే ఈ ఏర్పాటు అంటారు, నిజమే. ఇద్దరు పెద్దమనుషులకు పౌరుషం రావడానికి కూడా సరిగ్గా ఆ రెండు నిమిషాలు చాలు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. శనగపిండికీ చక్కెరకూ అసలు ధర ఇవాళ తేలిందని అక్కడ ఎవరూ ప్రకటించలేదు. భక్తి, పరువు, నలుగురిలో పేరు కలిపి పాడుతున్నామని పాడేవాళ్లకు తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. కార్ల వేలంలో ఉన్నవీ ఆ మూడే. ఒప్పుకునే నిజాయితీ ఒక్కటే కొరవడింది.

సరే, పాడేవాళ్లకు సరుకు గురించైనా తెలుసా? 240జెడ్ అమెరికా రోడ్ల మీదికొచ్చిన కొత్తలోనే, 1970లో, జార్జ్ అకర్లాఫ్ సెకండ్‌హ్యాండ్ కార్లనే ఉదాహరణగా తీసుకుని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. కారులోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఆ తేడా ఒక్కటే మొత్తం మార్కెట్‌ను చెడగొట్టగలదని అందులో వాదించాడు. దానికి వెబ్‌సైట్ల జవాబు వందలకొద్దీ ఫొటోలు. వాటి వల్ల మేలు లేదని అనలేం. ఈబే మోటార్స్ మీద గ్రెగరీ లూయిస్ 2011లో ప్రచురించిన పరిశోధన, అమ్మేవాళ్లు పెట్టే ఫొటోలు, వివరాలు ధరను గట్టిగా ప్రభావితం చేస్తాయని తేల్చింది. అయితే ఆ కెమెరా ఎవరి చేతిలో ఉంది? 240జెడ్‌కు పుట్టు శత్రువు తుప్పు. అది బ్యాటరీ కింది రేకులో, ఫ్లోర్ కింద, చక్రాల వెనక మడతల్లో కాపురం పెడుతుంది. సాయంకాలపు ఎండలో పక్కనుంచి తీసిన ఫొటోకు ఆ చిరునామాలు తెలియవు. కెమెరా తప్పించలేని చోట భాష ఆదుకుంటుంది. రంగు వెలిసిపోతే ‘పాటినా’. ఎలుకలు సంసారం చేసిన బండి ‘బార్న్ ఫైండ్’. బ్రేకులు పడకపోతే ‘కొద్దిపాటి శ్రద్ధ అవసరం’. వీటన్నిటి అడుగున ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతున్నామన్న ఒక్క వాక్యం. ఉన్నది ఏమిటో మాత్రం కారు ఇంటికొచ్చాక తెలుస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. డీలర్ దగ్గర నలుగురు చూస్తే ఇక్కడ వేలమంది చూస్తారు, అబద్ధం నిలవడం కష్టం అంటారు. ఒప్పుకోవాల్సిందే, ఇంజిన్ నంబరు కలవని కారును వేల మైళ్ల దూరం నుంచి పట్టేసే ఘనులున్నారు. పట్టుకోలేనిది ఇంజిన్ వాసనను, క్లచ్ బిగువును, మూడో గేరులో వచ్చే మూలుగును. కొనేముందు మెకానిక్‌ను పంపి పరీక్ష చేయించుకోవచ్చు అన్నది రెండో మాట. చేయించుకోవచ్చు. కానీ వారం రోజుల్లో ముగిసే పాటలో, గెలుస్తామో లేదో తెలియని కారుకు, సొంత ఖర్చుతో దూరదేశంలో పరీక్ష చేయించే జాగ్రత్తపరుడు ఆఖరి రెండు నిమిషాల దాకా మిగలడం అరుదు. మూడోది కమీషన్. పాత వేలం సంస్థలు కొనేవాడి దగ్గర పది, పన్నెండు శాతం గుంజుతుంటే వీళ్లు అయిదు శాతంతో, అదీ ఒక గరిష్ఠ పరిమితితో సరిపెట్టారు. మెచ్చుకుందాం. పొరపాటును చవగ్గా చేసుకునే సౌకర్యం చిన్నదేమీ కాదు.

అసలైన అభ్యంతరం ఇంకొకటి: వాళ్ల డబ్బు, వాళ్ల సరదా, మధ్యలో మీకెందుకు? ఆ అంకె వాళ్లిద్దరి మధ్యే ఉండిపోతే ఎవరికీ ఏమీ కాదు. ఉండదు. ప్రతి ఫలితమూ శాశ్వతంగా రికార్డులో నిలుస్తుంది; తర్వాత అమ్మేవాడు దాన్నే ఆధారంగా చూపిస్తాడు, బీమా విలువ కట్టేవాడూ దాన్నే చూస్తాడు. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెతలో సగం ఇక్కడ చెల్లదు. అమ్మబోయేవాడి చేతిలోనూ కొరివే ఉంటుంది. 3,10,000 పలికిన ఆ కారు ఓడోమీటర్ మీద సుమారు 21 వేల మైళ్లున్నాయి, అంటే అర్ధ శతాబ్దంలో ఏడాదికి అయిదొందల మైళ్లు కూడా కాదు. దాని నుంచి మిగతా యజమానులు నేర్చుకున్న పాఠం ఒక్కటే: కారు నడపకు. నిలబెట్టిన కారులో ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, రబ్బరు సీళ్లు బిరుసెక్కుతాయి, బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకుంటుంది, ఒక్క మైలు తిరగని టైరు కూడా వయసుతో పాడవుతుంది. యంత్రం పాడవుతుంటే ధర పెరుగుతుంది. పరుగు కోసం పుట్టిన వస్తువుకు, పరిగెత్తనందుకు బహుమతి ఇచ్చే ఈ ఏర్పాటును ‘వారసత్వ పరిరక్షణ’ అని పిలవడానికి చాలా ధైర్యం కావాలి.

వేలాన్ని రద్దు చేయమని ఎవరూ అడగడం లేదు. కారు అమ్ముకోవడానికి అదొక వేగమైన, ఫర్వాలేదనిపించే దారి. దాని ఫలితాన్ని తీర్పుగా చెలామణి చేయవద్దన్నదే అభ్యర్థన. మామూలు స్థితిలో ఉన్న 240జెడ్‌లు ఈనాటికీ ఆ మొత్తంలో చిన్న భాగానికే చేతులు మారుతున్నాయి. అవి నడిచే కార్లు గనుక వార్తల్లోకి రావు. ఇంకా 3,10,000 డాలర్లే అసలు ధర అనేవాళ్లకు తేలికైన పరీక్ష ఒకటుంది. గెలిచినవాడు పాట మానుకున్నాడు, అతని కోరిక తీరింది. ఇక ఆ రెండో పాటదారు ఒక్కడే మిగిలాడు. మర్నాడు పొద్దున్నే అదే కారును, అవే ఫొటోలతో, అదే ధరకు అతనికి అమ్మి చూపించండి.