హీటరు పద్యము – సటీకాతాత్పర్యము

అవతారిక

భద్రాచలమునుండి పర్ణశాలకు పోవు త్రోవలో, గోదావరి గట్టునకును అడవి యంచునకును నడుమ, తన చేనిలో చిన్న గుడిసె వేసికొనిన మిత్రుడొకడు, ముక్కోటి ఏకాదశికిని దాని ముందునాటి తెప్పోత్సవమునకును వచ్చు చుట్టములను అందే దింపదలచి, ఏ హీటరు కొనవలెనని నన్నడిగెను. వచనమున చెప్పినచో మరచునేమో యని ఆటవెలది వ్రాసి యిచ్చితిని. పద్యము బాగున్నదనియు, హీటరు సంగతి మాత్రము తెలియలేదనియు అతడు కబురంపుటచే ఈ వ్యాఖ్య అవసరమైనది. మూలకర్తయు టీకాకర్తయు ఒక్కరే యగుటచే కవిహృదయమును గూర్చి వివాదమునకు తావు లేదు.

ఈ సీమకు ఈ విచారము క్రొత్తది కాదు. సీతారాములు వసించిన ఆకుటిల్లు పర్ణశాలయే యని ఇచ్చటివారి విశ్వాసము. వాల్మీకి అరణ్యకాండమున పదునారవ సర్గమందు హేమంతమును లక్ష్మణుని నోట వర్ణింపజేసెను. అది నిప్పు హితమగు కాలమని చెప్పిన సౌమిత్రి, ఏ నిప్పు, ఎంత నిప్పు, ఎచ్చట నుంచవలసిన నిప్పు అను విచారమును మాత్రము విడిచిపెట్టెను. ఆ కొఱతను తీర్చుటయే ఈ పద్యమునకు ప్రయోజనము.

మూలము

ఆ. చలికి గదికిఁ దగిన చక్కని హీటరున్
గొనుచు రమ్ము తీఁగఁ గొలిచి చూచి
కిటికి మూయఁబోకు కీడగుఁ బొగచేత
గొంగడున్నఁ జాలుఁ గొంత వఱకు

ప్రతిపదార్థము

చలికిన్ = మార్గశిర పుష్యములలో తెల్లవారుజామున ఎముకలను పలుకరించు ఈ అడవి చలికి (లంబసింగి చలికి కాదని భావము); గదికిన్ = పదేసి అడుగుల పొడవు వెడల్పులు గల గుడిసెకు; తగిన = అతి కానిదియు, కొఱత కానిదియు నగు; చక్కని = చక్కదనము డబ్బా రంగునందు కాక పనియందు గల; హీటరున్ = వేడిపెట్టెను; తీఁగన్ = ఇంటి విద్యుత్తీగను; కొలిచి చూచి = ఎంత భారము మోయగలదో తెలిసికొని; కొనుచు రమ్ము = కొని తెమ్ము; కిటికి మూయన్ పోకు = గాలిద్వారమును బిగింపకుము; పొగచేతన్ కీడు అగున్ = దీని యర్థము మున్ముందు విప్పబడును; గొంగడి ఉన్నన్ = నల్లగొఱ్ఱె ఉన్నితో నేసిన గొంగడి యున్నచో; కొంత వఱకున్ చాలున్ = స్పష్టము.

టీక

గదికిన్ అను పదమున గణితము దాగియున్నది. ఎనిమిదడుగుల ఎత్తు గల ఇట్టి గదిలో పట్టు గాలి ఇంచుమించు 23 ఘనపు మీటర్లు. దాని బరువు 27 కిలోలు. ఆ గాలిని 10 డిగ్రీలు వేడెక్కించుటకు ఒక యూనిట్టు కరెంటులో పదమూడవ వంతు చాలును. అనగా గోడలును, కప్పును, సందులును వేడిని త్రాగకున్నచో వెయ్యి వాట్ల హీటరు ఐదు నిమిషములలో పని ముగించును. కాని మట్టి మెత్తిన తడక గోడలును, తాటాకు కప్పును, తలుపుక్రింది సందును త్రాగకుండ నుండవు. కావున హీటరును ఎన్నుకొనుటకు ముందు సందులను ఎంచుట కర్తవ్యము. మట్టిముద్దతో పూడ్చదగిన చిల్లి కొఱకు రెండువేల వాట్లు కొనువాడు గదిని కాక గోదావరి గట్టును వెచ్చచేయుచున్నాడని గ్రహింపవలెను.

చక్కని యనుచోట పూర్వపక్షము. “నూనె నింపిన హీటరు ఎక్కువ వేడి నిచ్చును, కావున అదియే చక్కనిది” అని అంగడివాడు. ఇది నిలువదు. ఎర్రగా కాగు కడ్డీయైనను, ఊదు పంకాయైనను, నూనె రేకులైనను, ఒక యూనిట్టునకు వచ్చునది 860 కిలోకేలరీలే. భేదమెల్ల ఆ వేడిని అందించు తీరునందే. కడ్డీ ఎదుటివాని మేనిని వెంటనే తాకును. పంకా గాలిని కలచును. నూనె ఆలస్యముగా కాగి ఆలస్యముగా చల్లారును. “అట్లైన కడ్డీయే కొందము, ధర తక్కువ” అందురేని, ఆకు కప్పినదియు తడక కట్టినదియు నగు ఇంటిలో ఎర్రని కడ్డీని, రాత్రి దుప్పటి జారిపడు చోట, నిద్రించువారి నడుమ నుంచరాదు. కావున నూనె హీటరే సిద్ధాంతము. తాటాకునకు తన నిప్పును చూపదు కనుక. అదియు గోడకు మూడడుగుల దూరమున నిలుపదగును. అంగడివాని తీర్పును అంగీకరించి అతని హేతువును త్రోసిపుచ్చితిమని గమనింపవలెను.

తీఁగఁ గొలిచి: ఈ పద్యమునకు ప్రాణము ఇచ్చటనే. ఇల్లెందు చెంత 1871లో బొగ్గు జాడ తెలిసి, 1889లో త్రవ్వకము మొదలై, సింగరేణి యను గ్రామనామము దేశమెల్ల వ్యాపించినది; ఆ బొగ్గుతో పాల్వంచలో విద్యుత్తు పుట్టుచున్నది; మణుగూరు చెంత వెలసిన భద్రాద్రి కేంద్రమొక్కటే 1080 మెగావాట్లది, అనగా నిండుగా నడచినచో వెయ్యి వాట్ల హీటర్లను పదిలక్షల ఎనుబదివేలు వెలిగింపగలది. ఇంత శక్తికి పుట్టినిల్లైన సీమలో మన మిత్రుని గుడిసెకు వచ్చిన సన్నని తీగ ఒక్క హీటరును భరించునా యనునదే ప్రశ్న. 230 వోల్టుల కడ రెండువేల వాట్లు దాదాపు 9 ఆంపియర్లు లాగును. దీపములకు పెట్టిన చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. వెయ్యి వాట్లు నాలుగున్నరకు లోపే. కావున వెయ్యి వాట్ల మెట్టు గల హీటరును తెచ్చి, ఆ మెట్టుననే నిలిపి, గోడ ప్లగ్గుననే గ్రుచ్చవలెను. అంతకు మించినచో 16 ఆంపియర్ల ప్లగ్గును, దానికి తగిన మందపు తీగను వేయింపవలెను. ఇచ్చట “డబ్బు గొలిచి” అను పాఠాంతరము కలదు. ఛందస్సు చెడదు కాని గుడిసె చెడును గనుక అది గ్రాహ్యము కాదు.

పొగచేత: కరెంటు హీటరునకు పొగ యెక్కడిదని ఆక్షేపణ. తార్కికులు కొండమీది పొగను చూచి నిప్పును ఊహింతురు. నిప్పును చూచి పొగను ఊహింపరాదనుటకు ఎర్రగా కాలిన ఇనుపగుండును దృష్టాంతముగా చూపుదురు. హీటరు ఆ ఇనుపగుండు జాతిలోనిదే. అయినను కవి దూరదర్శి. నడిరేయి కరెంటు పోవును, చుట్టములు వణకుదురు, గృహస్థు బయటి నెగడునుండి కణకణలాడు బొగ్గులను కుంపటిలో పోసి లోనికి తెచ్చును, పొగ లేదు గనుక భయము లేదని తలుపులు బిగించును. అదియే కీడు. ఆ బొగ్గులు విడుచు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, నెత్తుటిలోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును, నిద్రించువాడు మేల్కొనడు. పాతకాలపు పూరిగుడిసెలో పొయ్యి పొగ కప్పు సందులనుండి పోయెడిది. పాలిథీన్ పట్టా కప్పిన నేటి గుడిసెలో పోదు. కనుక ఇచ్చట పొగ యనగా కంటబడని పొగ యని ఉపలక్షణము. కుంపటి వాకిటనే యుండవలెను; గుడిసెలో ఏ నిప్పున్నను కిటికీ తెఱచియే యుండవలెను.

గొంగడున్న: గొంగడిలోని ఇకారమునకు ఇచ్చట సంధి కూడదని వైయాకరణులు కోపింపవచ్చును. చలిలో వణకువాడు అక్షరములను సైతము ముడుచుకొనునని సమాధానము. కొంత వఱకు అనుట కవి నిజాయతి. గది గాలిని కాచుటకంటె మేని వేడిని దాచుట చవుక. కాని పసిబిడ్డలకును ముదుసళ్లకును గొంగడి యొక్కటియే చాలదు గనుక హీటరు వ్యర్థము కాదు.

తాత్పర్యము

ఓ మిత్రమా, మొదట సందులు పూడ్పుము. పిదప తీగను చూపించుకొనుము. పిదప వెయ్యి వాట్ల మెట్టు గల నూనె హీటరును తెమ్ము. పడకకు ముందు గంటసేపు వెలిగించి ఆర్పుము. నిప్పు గదిలోనికి తేకుము. గొంగళ్లు ముందే ఎండలో వేసి సిద్ధపఱచుము. ఇందు హీటరు మూడవది యని మరువకుము.

ఫలశ్రుతి

ఈ పద్యమును అంగడికి పోకముందు చదివినవారికి ధనలాభమును సుఖనిద్రయు కలుగును; కొన్న తరువాత చదివినవారికి కవిత్వానందము మాత్రము కలుగును.