ఫౌండర్ అండ్ సీఈవో, గూడెం కొత్తవీధి

గూడెం కొత్తవీధిలో ఈమధ్య సీఈవోలు పెరిగారు. ఆఫీసర్లను కలవాలంటే పాడేరు వెళ్లాలి గానీ, సీఈవో మాత్రం సంతలో పసుపు బస్తా మీద కూర్చునే దొరుకుతాడు. డిగ్రీ చదివి ఉంటాడు. నర్సీపట్నంలోనో విశాఖలోనో చిన్న ఉద్యోగం వెలగబెట్టి, ఎవడికో చేసే చాకిరీ మనకే చేసుకుందామని ఘాట్ రోడ్డెక్కి ఇంటికొచ్చేసి ఉంటాడు. వాట్సాప్‌లో ఒక కేటలాగు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ, ఏడాదికి 100 రూపాయలు కట్టి తెచ్చుకున్న ఆహార భద్రత రిజిస్ట్రేషన్‌కు ఫ్రేము. విజిటింగ్ కార్డు మీద పేరు కన్నా హోదా పెద్దక్షరాల్లో ఉంటుంది.

అమ్మేవి కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా, తేనె. పోటీ ఎవరితో అని అడిగి చూడండి, ముఖం వెలిగిపోతుంది. శత్రువు ఎంత పెద్దవాడైతే తనకంత పరువు. "ఓ పక్క జీసీసీ సార్, 1956 నుంచి పాతుకుపోయింది. ఇంకో పక్క నాంది ఫౌండేషన్ వాళ్ల అరకు కాఫీ, 2017లో ఏకంగా పారిస్‌లో షాపెట్టేశారు. మధ్యలో మనం."

ఆ 'మనం'లో ఎవరెవరున్నారంటే, క్వాలిటీ కంట్రోల్ అమ్మ. ప్యాకింగ్ చెల్లెలు. బైకున్న బావ లాజిస్టిక్స్. కార్పొరేట్ ఆఫీసు ఊరి చివర బండరాయి, ఎందుకంటే సిగ్నల్ నిలకడగా అందేది అక్కడే. వానొస్తే ఆఫీసుకు సెలవు.

శత్రువుతో యుద్ధమూ అంత తేలిక కాదు. జీసీసీ, అదే గిరిజన సహకార సంస్థ, అంటే మన్యంలో చింతపండూ తేనే కొనే సంస్థే కాదు, రేషను ఇచ్చే డీఆర్ డిపోలూ దానివే. రాత్రి కుంపటి దగ్గర "జీసీసీని దెబ్బకొట్టాలమ్మా" అని వ్యూహం విప్పితే, "రేపు డిపోకెల్లి బియ్యం తెచ్చినాక కొడుదువులే" అంటుంది క్వాలిటీ కంట్రోల్.

ఇక భూగోళం ఒకటి. గూడెం కాఫీ అంటే కొనేవాడు అదెక్కడ అంటాడు. అరకు అంటే అందరికీ తెలుసు. ఇక్కణ్ణుంచి అరకు పోవాలంటే చింతపల్లి, పాడేరు దాటి ఒక పూట ప్రయాణమే అయినా, ఈ మన్యం అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా 'అరకు వ్యాలీ అరబికా' పేరుతోనే. సీఈవో ఇంకో అడుగు ముందుకేసి తన పేజీకి బొర్రా గుహల ఫొటో తగిలించాడు. ఒకాయన కిలో కాఫీ కొని, కుటుంబంతో వస్తే గుహలు మీరే చూపిస్తారా అని అడిగాడు. "మన తోటలో గుహలెక్కడివిరా?" అని అమ్మ. విసుగొచ్చి సొంత తోటే ఫొటో తీసి పెట్టాడు. సిల్వర్ ఓక్ చెట్టు, దాన్ని పట్టుకుని పాకిన మిరియం తీగ, కింద నీడలో ఎర్రటి కాఫీ పళ్లు, ఓ మూల ఫ్రేములోకి దూరిన మేక. ఆ మేక గురించే ఎక్కువమంది అడిగారు. అడిగినవాళ్లలో కొందరు కాఫీ కూడా కొన్నారు.

పెద్దవాళ్లు చేసే ప్రతి పనీ తానూ చేయాలనే జబ్బు ఈ తరహా మనుషులందరికీ ఉంటుంది. దసరాకు పెద్ద కంపెనీలు సేల్ పెడితే ఈయనా సగం ధర సేల్ ప్రకటించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు ముందే మిరపకాయ టపా పంపి మరీ దాడికి వచ్చినట్టు, వారం ముందునుంచే స్టేటస్‌లు. తీరా ఆ ఉదయం అమ్మ లెక్క అడిగింది. "ఆరు కిలోల పళ్లు కోస్తే కిలో గింజలు. ఏపితే అందులోనూ తరుగు. నువ్వు సగానికిస్తే, పళ్లు కోసినోళ్లకీ సగం కూలే ఇస్తావేటి?" మధ్యాహ్నానికి సేల్ ముగిసింది. సాంకేతిక కారణాలని స్టేటస్ పెట్టాడు.

ఆ మాటకొస్తే అతన్ని నిలబెట్టింది తేనె. పుష్యమాసం చలికి సీసాలో తేనె గడ్డకట్టింది. ఊరి చలికి సగం గట్టిపడే బయల్దేరి, హైదరాబాద్ చేరేసరికి పంచదార ముద్దలా తయారైంది. కొన్నాయన కల్తీ అని తేల్చి ఒక్క నక్షత్రం ఇచ్చాడు. నిజానికి తేనెలోని గ్లూకోజు చలికి అలా గట్టిపడటం సహజం. గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచితే కరుగుతుంది. పెద్ద కంపెనీలు వేడిచేసి, సన్నగా వడకట్టి పంపుతాయి గనక వాళ్ల తేనె చాలాకాలం పల్చగానే ఉంటుంది. ఇంత చక్కని జవాబు చేతిలో ఉండి కూడా మన సీఈవో ఏం రాశాడు? "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా టీమ్ మిమ్మల్ని సంప్రదిస్తుంది."

టీమ్ సంప్రదించింది. అమ్మ ఫోను తీసుకుని బండరాయెక్కి, "బాబూ, ఈ సలికి మా ఊర్లో మనుషులే గడ్డకట్టేస్తన్నారు, తేనెంత?" అంది. అవతల నవ్వు వినపడింది. వేడినీళ్ల కిటుకూ చెప్పింది. సాయంత్రానికి ఇంకో రెండు సీసాలకు ఆర్డరొచ్చింది.

అప్పట్నుంచి ఫోన్లు పెరిగాయి. వంద నగరాలకు సరుకు పంపే కంపెనీ ఏదీ రాజ్మా పాతదా కొత్తదా అని అడిగితే చెప్పదు. ఇక్కడ అడక్కుండానే అమ్మే చెబుతుంది. "కొత్తవైపోనాయమ్మా. పాతవున్నాయి గానీ తొందరగా ఉడకవు. మల్లీ పంటొచ్చినాకే. అందాకా మీ ఊరి షాపులోవి తినండి." ఇలా సొంత నోటితో బేరం పోగొట్టే సంస్థకు జనం ముందుగానే డబ్బు పంపి పేరు రాయించుకుంటున్నారు. నన్నడిగితే ఆ కంపెనీ మొత్తంలో వ్యాపారం తెలిసింది ఆవిడ ఒక్కరికే. సీఈవోకు మాత్రం ఇది పరువు తక్కువ. ఎవరు ఫోన్ చేసినా "అమ్మ లేరా?" అంటున్నారట. అందుకని 'తెలుగుకు ఒకటి నొక్కండి' అని పలికే యంత్రం పెట్టాలని చూస్తున్నాడు. దాన్ని తెప్పించుకుందామని ఆర్డర్ పెట్టబోతే, మీ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదని వచ్చింది. తను మాత్రం తపాలా ఆఫీసు పుణ్యాన బెంగళూరు దాకా పార్సిళ్లు పంపుతూనే ఉన్నాడు.

మొన్న క్వాలిటీ కంట్రోల్ జీతం అడిగింది. అది హెచ్‌ఆర్‌తో మాట్లాడాలన్నాడు. హెచ్‌ఆర్ ఎవర్రా అంటే, అరుగు మీద రాజ్మాలో రాళ్లేరుతున్న నాయనమ్మను చూపించాడు. నాయనమ్మ తలెత్తకుండానే, "ముందు నాది తేల్చమను" అంది.